విజయపురి నివాసులు: దాన శాసనాలలో పెద్దలూ సామాన్యులూ

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురి నుండి నగరానికి అడ్డంగా ఆగ్నేయ దిశకు వెళ్తే, ఈస్ట్ ఆఫ్ కైలాష్ ప్రాంతంలో బహాపూర్ గుట్ట ఉంది. 1966లో అక్కడి బండ మీద అశోకుని లఘు శిలాశాసనం ఒకటి వెలుగులోకి వచ్చింది. అందులో రాజు తనను ఉపాసకునిగా చెప్పుకొన్నాడు. ధర్మప్రయత్నం వల్ల కలిగే ఫలం గొప్పవారికి మాత్రమే దక్కేది కాదనీ, పూనుకొంటే చిన్నవాడు సైతం దానిని పొందగలడనీ ప్రకటించాడు. ఇదే శాసనపు ప్రతులు కర్నూలు సీమలోని ఎర్రగుడి, రాజుల మందగిరి బండల మీదా ఉన్నాయి. అనగా యమునా తీరంలో వినిపించిన మాటే తెలుగునాట కూడా వినిపించింది.

అయితే అది రాజు మాట. ఆయన చెప్పిన ఆ చిన్నవారు ఎవరో, వారి ఇంటి పేర్లేమిటో, వృత్తులేమిటో ఆ శాసనం చెప్పదు. ఆ వివరం దొరకాలంటే కృష్ణా లోయకు వెళ్ళాలి. కాలంలో సుమారు ఐదు వందల సంవత్సరాలు ముందుకు రావాలి. క్రీ.శ. 3వ శతాబ్దంలో శాతవాహనుల అధికారం అంతరించిన తరువాత కృష్ణా దక్షిణ తీరాన, శ్రీపర్వతం ఒడిలో, విజయపురి రాజధానిగా ఇక్ష్వాకుల రాజ్యం ఏర్పడింది. నేడు నాగార్జునకొండగా ప్రసిద్ధమైన లోయ అదే. సుమారు నూరేళ్ళు మాత్రమే నిలిచిన చిన్న రాజ్యం అది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అనే నలుగురు రాజుల వరుస పాఠ్యపుస్తకాలలో ఉన్నదే గనుక దానిని ఇక్కడ విస్తరించనక్కరలేదు. గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ రాజవంశాన్ని గురించి నేడు తెలిసిన దానిలో పెద్ద భాగం రాజులు వేయించిన ప్రశస్తుల వల్ల తెలిసినది కాదు. స్తూపానికి ఒక స్తంభం, సంఘానికి ఒక విహారం, ఒక మండపం ఇచ్చినవారు తమ దానాన్ని నమోదు చేసుకొంటూ రాజు పేరునూ రాజ్యవర్షాన్నీ పేర్కొన్నారు. వారిలో అధికులు స్త్రీలు.

మొదట చెప్పవలసినది చాంతిసిరి. ఈమె మొదటి శాంతమూలుని సోదరి. పూగీయ కులానికి చెందిన మహాసేనాపతి, మహాతలవర స్కందశ్రీ భార్య. మహాచైత్యం పని వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షంలో ముగిసినట్లు ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాలు తెలుపుతున్నాయి. ఆమె అన్న అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధాలు చేసినవాడు. ఆ విశేషణాలన్నింటినీ చెల్లెలు తన బౌద్ధ దానశాసనంలోనే సగౌరవంగా చెక్కించింది. వైదిక రాజు, బౌద్ధ అంతఃపురం అంటూ రెండు శిబిరాలుగా ఈ కాలాన్ని చీల్చి చూపే వ్యాఖ్యానాలు ఈ ఒక్క శాసనం ముందు నిలవడం కష్టం. ఆమె తరువాతి శాసనం ఒకటి రాజును జామాతగా పేర్కొంటుంది. వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్ళను వివాహమాడినట్లు ఈ శాసనాలన్నిటినీ కలిపి చదివితే స్పష్టమవుతుంది. తెలుగువారి ఇళ్ళలో నిన్న మొన్నటి వరకు సాధారణమైన మేనరికానికి ఇంత పాత లిఖిత సాక్ష్యాలు మరెక్కడో వెదకనవసరం లేదు. ఉజ్జయిని మహారాజు కుమార్తె రుద్రధర భట్టారిక, వనవాస మహారాజుకు ఇల్లాలైన కొడబలిసిరి వంటి రాజస్త్రీల పేర్లు కూడా దాతల పట్టికలోనే లభిస్తాయి. కొడబలిసిరి మహీశాసకులకు విహారం కట్టించింది. వీరపురుషదత్తుని భార్య భట్టిదేవి బహుశ్రుతీయులకు కట్టించింది.

వీరందరూ రాజబంధువులు. విజయపురి చరిత్రలో అంతకంటె విలువైన పత్రం రాజబంధువు కాని ఒక గృహిణిది. వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షం, హేమంతంలో, బోధిసిరి అనే ఉపాసిక చుల్లధమ్మగిరి మీద రాతిపలకల నేలతో, చైత్యంతో కూడిన చైత్యగృహాన్ని నిర్మింపజేసింది. తామ్రపర్ణి, అనగా సింహళ ద్వీపపు థేరవాద ఆచార్యులకు దానిని సమర్పించింది. కాశ్మీర, గాంధార, చీనా, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, యవన, ద్రమిళ దేశాలకు ధర్మాన్ని చేర్చిన ఆచార్య పరంపరగా ఆ శాసనం వారిని కీర్తిస్తుంది. బౌద్ధ భూగోళ చరిత్ర వ్రాసేవారు ఈ దేశాల పట్టికను ఎన్నోసార్లు ఉదాహరించారు. తక్కువగా ఉదాహరించబడినది ఆ తరువాత వచ్చే మనుషుల పట్టిక.

బోధిసిరి తన పుణ్యంలో ఎవరెవరికి భాగముండాలో ఒక్కొక్కరి పేరు చెప్పి మరీ వ్రాయించింది. ముందు అత్తవారి వైపు: భర్త, మామగారైన గోవగామ నివాసి గృహపతి రేవతుడు, అత్తగారు, భర్త సోదరులు, ఆడబిడ్డ, వారి పిల్లలు. ఆ పిల్లలలో మహాచందముఖుడు, చుల్లచందముఖుడు ఉన్నారు; మహామూల, చుల్లమూల ఉన్నారు. ఒకే పేరు ఇద్దరికి పెట్టి పెద్ద, చిన్న అని వేరుచేసి పిలిచే అలవాటు ఏ తెలుగు ఊరివారికీ వివరించవలసినది కాదు. తరువాత పుట్టింటి వైపు: తాత మూలవణియుడు, తండ్రి బుధివణియుడు, మేనమామ భదుడు, తోబుట్టువులు. చివర తన కూతురు వీరంనిక, కుమారులు నాగంనుడు, వీరంనుడు, కోడళ్ళు భదసిరి, మిసి. నాగంన, వీరంన అన్న రూపాలు చదివినప్పుడు నాగన్న, వీరన్న అన్న పేర్లు తడతాయి. ప్రాకృత భాష వేషం కింద ఇంట్లో పిలుచుకొనే పేర్లు వినిపిస్తున్నాయనడం అతిశయోక్తి కాదు.

వణియ అన్న మాట వర్తకాన్ని సూచిస్తుంది. మేనమామకు కోఠకారిక అన్న బిరుదు ఉంది. కోష్ఠాగారపు, అనగా ధనధాన్యాల కొట్టు అధికారి అన్నమాట. ఈ రెండింటినీ చేర్చి చూస్తే బోధిసిరి సంపద ఎక్కడిదో తెలుస్తుంది: వ్యాపారం చేసే పుట్టిల్లు, రాజ్యపు కొట్టులో ఉద్యోగం చేసే మేనమామ. ఆమె దానాలు ఈ ఒక్క గుట్టతో ఆగలేదు. అదే శాసనంలో ఆమె ఇతర దానాల లెక్క ఉంది. కులహ విహారంలో చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, మహాధమ్మగిరిలో ఒక గది, మహావిహారంలో ఒక మండప స్తంభం, దేవగిరిలో ధ్యానశాల, పూర్వశైలంలో చెరువు, వసారా, మండపం, హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతి మండపం. కంటకసేలలో మహాచైత్యపు తూర్పు వాకిట మరొక రాతి మండపం. కంటకసేల అంటే నేటి ఘంటసాల, సముద్ర వర్తకానికి పేరుపడిన స్థలం. సింహళ భిక్షువులు నౌక దిగి కృష్ణ వెంబడి పైకి రావడానికి వీలైన దారి మీద ఈ వర్తక కుటుంబపు స్త్రీ మండపం కట్టించడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. వేర్వేరు సంఘాలకు, వేర్వేరు ఊళ్ళలో ఇచ్చినది గనుక, నికాయ భేదాలు దాతల మనస్సును విద్వాంసులు భావించినంతగా బంధించలేదని కూడా ఈ పట్టిక తెలుపుతుంది.

శాసనం ఇంకా ముగియలేదు. పనిని నడిపించిన నవకమ్మికులు చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు అని చెప్పింది. నవకమ్మం, అనగా కట్టడపు పర్యవేక్షణను భిక్షువుకు అప్పగించే పద్ధతికి వినయ పిటకంలోని చుల్లవగ్గం నియమాలు చెప్పింది. ఆ నియమం ఎలా ఆచరణకు వచ్చిందో చుల్లధమ్మగిరి మీద చూడవచ్చు. మహాచైత్యం పనిని నడిపిన భదంత ఆనందుడు కూడా దీఘ, మజ్ఝిమ నికాయాలు కంఠస్థం చేసిన ఆచార్యుల శిష్యుడే. సూత్రాలు వల్లించే గురుకులమూ, సున్నం, ఇటుక, రాయి లెక్క చూసే బాధ్యతా ఒక్కరిలోనే ఉన్నాయి. చిట్టచివరి మాట మరొకరిది: ఇది శిలావర్ధకి విధికుని పని అని. రాతిపనివాని పేరుతో శాసనం ముగిసింది. దేశదేశాల ఆచార్యుల కీర్తనతో మొదలై, ఉలి పట్టిన మనిషితో ముగిసిన ఇటువంటి పత్రం ఆ కాలంలో అరుదు.

విధికుడన్న పేరు అంతకు ముందే కృష్ణకు దిగువన, ధాన్యకటకంలో, మరొకనికి ఉంది. అమరావతి స్తూపానికి పూర్ణఘటపు పలకను ఇచ్చిన ఆ విధికుడు చమ్మకారుడు, అనగా తోలుపని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి ఇచ్చిన దానమని శాసనం. తన వృత్తిని దాచుకోవలసిన అవసరం అతనికి కనిపించలేదు. చెక్కినవాడూ మార్చలేదు, సంఘమూ అభ్యంతర పెట్టలేదు. తరువాతి శతాబ్దాలలో ఆ వృత్తివారికి తెలుగు గ్రామాలలో దక్కిన స్థానాన్ని ఎరిగినవారు ఈ పలక ముందు కాసేపు ఆగక తప్పదు. దాని వల్ల నాటి సమాజంలో హెచ్చుతగ్గులే లేవని సిద్ధాంతం చేయరాదు. దాన స్థలంలో ఆ పేరుకు చోటు దొరికిందన్నంత వరకే అది సాక్ష్యం. అమరావతి దాతలలో గంధద్రవ్యాలు అమ్మే హంఘుడు ఉన్నాడు. కూతురితో పాటు ప్రవ్రజించిన సంఘరక్షిత అనే భిక్షుణి ఉంది. తల్లీ కూతుళ్ళు సంఘంలో చేరాక కూడా ఆ బంధుత్వం రాతి మీద నిలిచింది. ఇల్లు విడిచిన భిక్షువులకు సొంత ఆస్తి గాని, బంధుచింత గాని ఉండదన్న సామాన్యాభిప్రాయాన్ని ఇటువంటి దానాలు సవరిస్తాయి.

విజయపురి వీధులలో వృత్తులవారి జాడ శాసనాలకు వెలుపల కూడా ఉంది. తవ్వకాలలో ఒక స్వర్ణకారుని ఇల్లు బయటపడింది. బంగారం కరిగించే మూసలు, ఆభరణాల అచ్చులు, గీటురాయి అందులో దొరికాయి. తమలపాకులు అమ్మేవారి శ్రేణి, పిండివంటలు చేసేవారి శ్రేణి ఆలయ ధర్మానికి కేటాయించిన మూలధనాన్ని కాపాడే సంస్థలుగా కనిపిస్తాయి. లోయలో లభించిన ఛాయాస్తంభాలలో మొదటి శాంతమూలునిది ఒకటి. వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షంలో నిలిపినది. ఆవేసని, అనగా పనివారి మేస్త్రి అయిన మూలభూతుని స్తంభం మరొకటి. రాజుకూ మేస్త్రికీ ఒకే విధమైన స్మారకం, ఒకే పేరుతో.

అయినా ఈ వెలుగు పడని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇవ్వగలిగినవాడే శాసనంలో నిలిచాడు. శాంతమూలుడు కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ళ భూమి దానమిచ్చినట్లు ఆయన బిరుదులు చెబుతాయి. నాగళ్ళు లెక్కకు ఎక్కాయి; వాటి మేడి పట్టినవారు ఎక్కలేదు. విధికుని పేరు ఉంది. అతని కోసం బండలు మోసినవారి పేర్లు లేవు. దాతల పట్టికను నాటి జనాభా పట్టికగా చదివే పరిశోధకులు ఈ హద్దును తరచు మరచిపోతున్నారు.

1926లో శాసన శాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను గుర్తించారు. 1927 నుండి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. శాసనాలను వోగెల్ ప్రకటించారు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరగడానికి ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో లోయ అంతటా తవ్వకాలు మొదలై 1960 వరకు సాగాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండపైకీ ఒడ్డుకీ తరలించి మళ్ళీ నిర్మించారు. తక్కిన నగరం జలాశయం అడుగున ఉంది. శిల్పాలలో కొన్ని ఢిల్లీ జాతీయ మ్యూజియంకు చేరాయి. అమరావతి శిల్పాలు అంతకంటె ముందే చెన్నై, లండన్ వంటి నగరాల మధ్య చీలిపోయాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. పలక ఒక నగరంలో, దాని పక్కనుండే పలక మరొక నగరంలో, శాసన పాఠం గ్రంథాలయపు సంపుటంలో ఉన్నప్పుడు, చూపరికి మిగిలేది శిల్పం మాత్రమే. ప్రదర్శనశాలల పరిచయ ఫలకాలు సాధారణంగా జాతక కథ పేరు, శతాబ్దం, సున్నపురాయి అన్న మూడు మాటలతో సరిపెడతాయి. ఇచ్చినవారికి మాత్రం ఆ శిల్పమూ పేర్ల పట్టికా ఒకే దానం. అత్తగారి పేరు, కోడలి పేరు ఉచ్చరింపబడటమే బోధిసిరి కోరిన ఫలంలో భాగం. పాఠాలు ప్రకటితమై దాదాపు శతాబ్దం కావస్తున్నది. వాటిని తెలుగులోకి తెచ్చి, ఏ పలకకు ఏ శాసనం చెందుతుందో జతపరచి, జనక్‌పురి నుండి పిల్లలను తీసుకొని ఆదివారం మ్యూజియంకు వెళ్ళే తెలుగు కుటుంబం చదవగలిగే విధంగా ఆ శిల్పాల పక్కన నిలపడం భిక్షుసంఘమూ పరిశోధకులూ కలిసి చేయదగిన పని. మొదటి ఫలకం చుల్లధమ్మగిరిది కావచ్చు: గోవగామ కుటుంబం, ముగ్గురు థేరులు, శిలావర్ధకి విధికుడు.