బొమ్మకు గొంతు వచ్చిన నాటి నుంచి

క్రీ.పూ. 3200 ప్రాంతంలో, మెసొపొటేమియాలోని ఉరుక్ నగరంలో తడి మట్టి పలకల మీద తొలి గీతలు గీసినవాళ్లు కవులు కారు, లెక్కలు చూసే గుమస్తాలు. గొర్రెలెన్ని వచ్చాయి, బార్లీ ఎంత పోయింది అన్నదే వాళ్ల గొడవ. వలయంలో కూడిక గుర్తు పెడితే గొర్రె. పక్కన అంకెలు వేస్తే పని జరిగిపోయేది. చిక్కల్లా కంటికి కనబడని మాటలతోనే. ప్రాణాన్ని ఎలా గీయడం? సుమేరు భాషలో ‘తి’ అంటే బాణం, ప్రాణం కూడా ‘తి’యే. అందుకని బాణం గుర్తునే ప్రాణానికీ వాడుకున్నారు. మనం అరచేతి బొమ్మ గీసి ‘పని చేయి’ అని చదివించినట్టన్నమాట. చూడబోతే పిల్లల ఆటే గాని, లిపి చరిత్రలో ఇంతకు మించిన మలుపు నాకు కనబడదు. గుర్తు వస్తువును వదిలి శబ్దాన్ని పట్టుకున్నది అక్కడే.

ఆ గుర్తులను ఏ చుట్టరికమూ లేని భాష మాట్లాడే అక్కాడులు అందుకున్నారు. సుమేరు ‘లుగల్’ గుర్తు వేసి, తమ మాటలో ‘షర్రు’, అంటే రాజు, అని చదివేవారు. విభక్తి తెలియడానికి ఒక్కోసారి చివర ఒక ధ్వని గుర్తు తగిలించేవారు. ఇందులో వింతేముంది? మనమూ ‘2వ తేదీ’ అని రాసి ‘రెండవ’ అనే చదువుతాం. అదే 2ను తమిళుడు ‘ఇరండు’ అంటాడు.

వందల గుర్తుల ఈ బరువును దించింది సినాయ్ ఎడారి. అక్కడి సెరాబిత్ అల్ ఖాదిమ్ గనుల దగ్గర సెమిటిక్ భాషీయులు, ఈజిప్టు బొమ్మలను చూసి, ఒక్కో మాటలో తొలి ధ్వనిని మాత్రమే ఉంచుకున్నారు. ఎద్దు ‘అలెఫ్’ కనుక ఎద్దు తల దాని తొలి ధ్వనికి గుర్తయింది. అది ఫినీషియన్ల 22 హల్లుల్లో చేరింది; గ్రీకులు దాన్ని అచ్చుగా మార్చారు. ఇంగ్లీషు ‘ఏ’ను తలకిందులు చేస్తే ఆ కొమ్ములు ఇప్పటికీ కనబడతాయి.

అశోకుని నాటి బ్రాహ్మి మరో దారి తొక్కింది: హల్లులోనే అకారం ఇమిడి ఉంటుంది, తక్కిన అచ్చులు గీతలుగా అతుక్కుంటాయి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచి శాసనాల చివర పదేపదే వచ్చే ‘దానం’ అన్న మాట పట్టుకుని ఆ లిపిని విప్పాడు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో బయటపడిన భట్టిప్రోలు ధాతు కరండాల లేఖకుడు మాత్రం ఆ ఏర్పాటుకు ఒప్పుకోలేదు. అతని హల్లు ఒంటరిగా ఉంటే పొల్లే; ‘అ’ వినబడాలంటే, అశోకుని లేఖకులు ‘ఆ’కు వాడిన గీతను చేర్చాలి. మన తలకట్టు గుర్తుకొస్తుంది గాని, రెంటికీ చుట్టరికం కలపకూడదు.