రాయసం నుంచి సెక్రటరీ దాకా: పూలా, జీతమా?

ఇవాళ మనం రాజుల గురించి కాదు, రాజు పక్కన కూర్చుని రాసేవాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

విజయనగర కాలంలో ఉత్తరాలూ, ఆజ్ఞలూ రాసేవాడిని రాయసం అనేవారు. చిన్న ఉద్యోగమేం కాదండీ. కృష్ణదేవరాయల దగ్గరున్న రాయసం కొండమరుసయ్య పేరు శాసనాల్లోకి కూడా ఎక్కింది. ఇంగ్లీషులో సెక్రటరీ అన్న మాట కూడా లాటిన్లో రహస్యం అనే మాట నుంచే వచ్చింది. అంటే రహస్యం దాచగలిగినవాడు. అధికారానికి అంత దగ్గరగా ఉండే మనిషి.

మరి అంత గౌరవం ఉన్న ఉద్యోగం "కాఫీ తీసుకురా అమ్మాయ్" అనే స్థాయికి ఎలా వచ్చింది? దీనికి అమెరికా వెళ్ళాలి.

1874లో రెమింగ్టన్ కంపెనీ టైప్‌రైటర్ని అమ్మకానికి పెట్టింది. అంతకుముందు అక్కడ గుమాస్తాలంటే దాదాపు అందరూ మగవాళ్ళే. ఆ గుమాస్తాగిరీ పై మెట్టుకి దారి, రేపు మేనేజర్ అవ్వచ్చు. టైప్‌రైటర్ వచ్చాక చదువుకున్న ఆడవాళ్ళని తక్కువ జీతానికి తీసుకోవడం మొదలైంది. 1930 నాటికి టైపిస్టులూ, స్టెనోగ్రాఫర్లూ దాదాపు అందరూ ఆడవాళ్ళే. పని పెరిగింది, పై మెట్టు మాత్రం మాయమైంది. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది.

1942లో నేషనల్ సెక్రటరీస్ అసోసియేషన్ పుట్టింది. ఊరూరా చాప్టర్లు, సభ్యత్వం, సమావేశాలు. ఒంటరిగా ఒక బాస్ గది బయట కూర్చునే మనిషికి తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలియడమే పెద్ద అండ. ఆ సంఘం 1951లో ఒక పరీక్ష పెట్టింది: సర్టిఫైడ్ ప్రొఫెషనల్ సెక్రటరీ, సీపీఎస్. అందులో టైపింగు వేగం ఒక్కటే చూస్తారనుకోకండి. వ్యాపార చట్టం, అకౌంట్లు, ఆర్థికశాస్త్రం ఇవన్నీ ఉండేవి. పైగా ఉద్యోగానుభవం కూడా చూపించాలి. "మాది చేతిపని కాదు, బుర్రపని" అని చెప్పడమే దాని ఉద్దేశం.

మన దగ్గర టైపు లోయర్, హయ్యర్ పాసైనవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే తేడా ఇట్టే పట్టేస్తారు. మన పరీక్ష ఉద్యోగంలోకి దూరడానికి. వాళ్ళది ఉద్యోగంలో ఉన్నవాళ్ళు పైకి రావడానికి.

1952 జూన్‌లో మొదటిసారి సెక్రటరీల వారం జరిపారు. ఆ ఆలోచన వెనక సంఘంతోపాటు డిక్టాఫోన్ కంపెనీ అధ్యక్షుడూ, హ్యారీ క్లెంఫస్ అనే ప్రచార నిపుణుడూ ఉన్నారు. ఆఫీసు యంత్రాలు అమ్మేవాళ్ళకి సెక్రటరీల మీద అంత ప్రేమ ఎందుకో వేరే చెప్పాలా! 1955లో ఆ వారాన్ని ఏప్రిల్‌కి మార్చారు. పూలు, చాక్లెట్లు, మధ్యాహ్నం భోజనం... అలా సాగింది.

1973లో బోస్టన్‌లో కారెన్ నస్‌బామ్, ఎలెన్ కాసెడీ మరికొందరు ఆఫీసు ఉద్యోగినులతో కలిసి "నైన్ టు ఫైవ్" అనే సంఘం పెట్టారు. వాళ్ళ నినాదం: పూలు కాదు, జీతం పెంచండి. 1977లో షికాగోలో ఒక లీగల్ సెక్రటరీ కాఫీ కలపనంటే ఉద్యోగం తీసేశారు. తోటి ఉద్యోగినులు వెళ్ళి నిరసన చేశారు. 1980లో జేన్ ఫోండా, డాలీ పార్టన్ నటించిన సినిమా వచ్చింది చూడండి, దాని పేరూ, ప్రేరణా ఈ ఉద్యమం నుంచి వచ్చినవే.

రెండు దారులన్నమాట. ఒకటి "మా అర్హత చూడండి" అంటుంది, ఇంకోటి "మా జీతం చూడండి" అంటుంది. మొదటి దారిని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. సర్టిఫికెట్ చేతిలో ఉంటే జీతం అడిగే గొంతుకి బలం వస్తుంది. కాకపోతే సర్టిఫికెట్ తనంతట తాను జీతం పెంచదు. ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి.

పాత సంఘం 1998లో ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ ప్రొఫెషనల్స్ అయ్యింది. సెక్రటరీ అన్న మాటే పేరులోంచి పోయింది. సీపీఎస్ స్థానంలో ఇప్పుడు సీఏపీ అనే పరీక్ష ఉంది. పాసై ఊరుకుంటే కుదరదు, కొత్త విషయాలు నేర్చుకుంటూ మూడేళ్ళకోసారి దాన్ని నిలబెట్టుకోవాలి.

మీ ఇంట్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళినవాళ్ళుంటే, ఆ సర్టిఫికెట్ వాళ్ళని ఎందాకా తీసుకెళ్ళిందో కామెంట్లో రాయండి.