గుస్సాడి: గూడెం నుంచి వేదిక దాకా

ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను తలుచుకుంటాం. ఆ పౌర్ణమి దాటాక మా గూడేల్లో దండారి కదులుతుంది. దీపావళి దాకా ఒక ఊరి బృందం మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. రెండు ఊళ్ల చుట్టరికాలు ఆ ఆటపాటల్లోనే గట్టిపడతాయి.

గుస్సాడి అంటే నెమలి ఈకల టోపీ ఒక్కటే కాదు, అదొక దీక్ష. ఒంటికి బూడిద పూసుకుని, భుజాన జింక చర్మం వేసుకుని, చేత కర్ర పట్టినవారిలో మన పెద్దలు దేవుణ్ణే చూస్తారు. దీక్ష ఉన్నన్నాళ్లు వాళ్లు స్నానం చేయరు. చివరన కోలబోడితో దండారి ముగుస్తుంది.

ఈ ఆట బయటి లోకానికి తెలియడంలో మార్లవాయిది పెద్ద పాత్ర. 1940లో భీమ్ అమరుడయ్యాక గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన హైమన్‌డార్ఫ్ ఆ ఊళ్లోనే ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. బడిపంతుళ్లుగా మా వేర్లు కూడా అక్కడే ఉన్నాయి. అదే ఊరి కనకరాజు గుస్సాడిని ఢిల్లీ దాకా తీసుకెళ్లి ఇందిరాగాంధీ ఎదుట ఆడారు. ఎందరో యువకులకు నేర్పారు. ఆశ్రమ పాఠశాలలో వంటపని చేసిన ఆయనకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు.

వేదిక మనకు గౌరవం తెచ్చింది, దాన్ని కాదనం. కానీ వేదిక ఎక్కితే ఆట మారుతుంది. ఊళ్లో అందరూ చుట్టూ ఉంటారు, ఆట గుండ్రంగా తిరుగుతుంది. వేదిక మీద ప్రేక్షకులు ఒకవైపే కాబట్టి బృందం వరుసగా నిలబడాలి. దీపావళి ముందర కట్టాల్సిన టోపీ జూన్ 2 ఎండలో రాష్ట్రావతరణ వేడుకకూ కట్టాల్సి వస్తుంది. ఒకసారి మా పిల్లలను ఓ ఉత్సవానికి తీసుకెళ్లాం. రెండు సినిమా పాటల డ్యాన్సుల మధ్య మాకు ఐదు నిమిషాలిచ్చారు. తుడుం ఊపందుకునేలోపే చాలన్నారు. పిల్లలు దిగి వస్తూ, "మనది అయిపోయిందా సార్?" అని అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాం.

కొత్త నృత్యాల మీద మాకు కోపం లేదు. వాటి పక్కన మన ఆటా నిలవాలి, కానీ అతిథులు వచ్చేదాకా సందడి చేసే మేళంగా మాత్రం కాదు. అందుకే తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఇది. అడుగులు నేర్పే ముందు పిల్లలను దండారి ఆడే ఊరికి తీసుకెళ్లండి. వాద్యాల పేర్లు, నియమాలు పెద్దల నోటనే విననివ్వండి. వేదికకు ఏది తీసుకెళ్లవచ్చో, ఏది దేవుడి దగ్గరే ఉండాలో ఊరి పెద్దలనే తేల్చమనండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరైనా ఐదు నిమిషాలే అంటే, ఆ ఐదు నిమిషాల వెనక ఎన్ని రోజుల దీక్ష ఉందో ముందు చెప్పండి. ఆ తర్వాతే ఆడండి.