కమలా ఉపన్యాసాలు

కమలా ఉపన్యాసాలు కలకత్తా విశ్వవిద్యాలయంలో 1925 నుంచి జరుగుతూ వచ్చిన ధర్మనిధి ప్రసంగాలు. భారతీయుల జీవితం, ఆలోచనల్లో ఏదో ఒక అంశం తీసుకుని వక్త వరసగా కొన్ని ప్రసంగాలు చేస్తారు, తర్వాత అవి పుస్తకంగా వస్తాయి. విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్ ఆశుతోష్ ముఖర్జీ (1864–1924) చనిపోయిన తన కూతురు కమల పేరిట 40,000 రూపాయల నిధి ఇచ్చి వీటిని నెలకొల్పారు.

నేపథ్యం

కమలకు చిన్నతనంలోనే పెళ్లయింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆశుతోష్ అప్పటికి కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి, ఆచారం పాటించే బ్రాహ్మణ కుటుంబీకుడు. 1908లో ఆయన కూతురికి మళ్లీ పెళ్లి చేశారు. వితంతు వివాహాన్ని చట్టం ఒప్పుకుని అప్పటికే యాభై రెండేళ్లు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించి కూడా పాతికేళ్లు దాటింది. అయినా అగ్రవర్ణ ఇళ్లలో ఇలాంటి పెళ్లి చేసినవాళ్లకు వెలి భయం పోలేదు. హైకోర్టు జడ్జి గారికే తనవాళ్ల నుంచి వ్యతిరేకత తప్పలేదు. ఆ రెండో భర్త కూడా ఎంతో కాలం బతకలేదు. 1923లో కమల కన్నుమూసింది.

అదే ఏడాది ఆశుతోష్‌కు ఉపకులపతి పదవితోనూ రుణం తీరింది. బెంగాల్ గవర్నర్ లిట్టన్ ప్రభువు పెట్టిన షరతులకు ఒప్పుకుని కొనసాగాలా వద్దా అన్నప్పుడు, వద్దని ఘాటుగా ఉత్తరం రాసి తప్పుకున్నారు. మరుసటి ఏడాది కూతురి పేరున నిధి రాసిచ్చి, మే 25న పాట్నాలో మరణించారు. తొలి ఉపన్యాసం నాటికి ఆయన లేరు.

తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ వంటి వకీళ్లు లక్షల్లో ఇచ్చిన విరాళాలతో అదే విశ్వవిద్యాలయంలో సైన్సు కాలేజీ లేచింది. సి.వి. రామన్ ఆచార్యుడిగా చేరింది అక్కడే. వాటి పక్కన కమల నిధి చిన్నది. దాని వడ్డీతో నడవగలిగింది ఉపన్యాసాలే. అయితే ప్రసంగం బెంగాలీలోగాని ఇంగ్లీషులోగాని చేయవచ్చని పెట్టిన నిబంధనలో ఆశుతోష్ ముద్ర కనిపిస్తుంది. దేశభాషలకు ఎం.ఏ. స్థాయిలో చోటు కల్పించింది (1919) కూడా ఆయనే.

తొలి వక్తలు

మొదటి వక్త అనిబిసెంట్. 1925లో ఆమె విద్య, తత్త్వం, మతం, కళల్లో భారతీయ ఆదర్శాల గురించి మాట్లాడారు. 1926లో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి భారత పౌరుడి హక్కులు, బాధ్యతల మీద ప్రసంగించారు. పరాయి పాలనలో ఉన్న మనిషిని ‘పౌరుడు’ అని పిలిచి, అతనికి ఏయే హక్కులు ఉండాలో ఒక సర్కారు విశ్వవిద్యాలయంలో నిలబడి చెప్పడం అప్పట్లో చిన్న విషయమేమీ కాదు. శాస్త్రి మితవాది, ఇంగ్లీషు ధారకు పేరుమోసిన వక్త, కాబట్టి చెల్లింది.

రవీంద్రుడు: ఒకే ఆలోచన, మూడు వేదికలు

ఈ వరసలో ఎక్కువగా గుర్తుండిపోయినవి 1933 జనవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ చేసిన ప్రసంగాలు. బడి చదువు మధ్యలో మానేసిన ఆయన అప్పటికి అదే విశ్వవిద్యాలయంలో బెంగాలీ ఆచార్యుడు! నగరం మాత్రం ప్రశాంతంగా లేదు. ఏడాది కిందట, 1932 ఫిబ్రవరి 6న, స్నాతకోత్సవ సభలోనే బీనా దాస్ అనే విద్యార్థిని గవర్నర్ జాక్సన్ మీద కాల్పులు జరిపింది.

ఠాగూర్ ఎంచుకున్న విషయం మనిషి ధర్మం. ఇదే ఆలోచనను 1930 మేలో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కాలేజీలో హిబర్ట్ ఉపన్యాసాలుగా ఇంగ్లీషులో వినిపించారు. దేవుణ్ణి ఆకాశంలో కాకుండా మానవజాతి మొత్తంలో చూడాలన్న వాదానికి ఆయన ఆధారాలు బెంగాల్ పల్లెల బౌల్ గాయకుల దగ్గరా, ఉపనిషత్తుల్లోనూ దొరికాయి. కలకత్తాలో దాన్నే బెంగాలీలో చెప్పారు. ఆ పుస్తకం ‘మానుషేర్ ధర్మ’. ఇది హిబర్ట్ ఉపన్యాసాల ఇంగ్లీషు పుస్తకానికి అనువాదం కాదు, సొంత జనంతో కొత్తగా చేసిన సంభాషణ. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం వృథా శ్రమేమీ కాదు.

అదే ఏడాది డిసెంబరులో ఠాగూర్ ప్రసంగాలు చేయడానికి వాల్తేరు వచ్చారు. అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. నెల్లూరు జిల్లాలో పుట్టి మద్రాసులో న్యాయవాదిగా పేరు తెచ్చుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట ఉన్న ఉపన్యాసాలవి. విషయం మళ్లీ మనిషే, భాష మళ్లీ ఇంగ్లీషు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాటిని 1937లో ‘మాన్’ పేరుతో అచ్చువేసింది. పుస్తకం చిన్నదే, కానీ కలకత్తా, వాల్తేరు ప్రసంగాలు ఎంత దగ్గరి చుట్టాలో దానితో తెలిసిపోతుంది.

రాధాకృష్ణన్ ప్రసంగాలు

రాధాకృష్ణన్‌ను 1921లో మైసూరు నుంచి కలకత్తాకు ఆచార్యుడిగా రప్పించింది ఆశుతోషే. 1942 చలికాలంలో ఆయనే కమలా ఉపన్యాసకుడు. కలకత్తాలో చేసిన ప్రసంగాలనే తాను ఉపకులపతిగా ఉన్న కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చేశారు. క్విట్ ఇండియా అరెస్టులు సాగుతున్న రోజులవి. ఆ డిసెంబరులో కలకత్తా మీద జపాన్ బాంబులు పడ్డాయి. యుద్ధం, అహింసలతో పాటు హిందూ సమాజంలో స్త్రీల స్థితి, వివాహం, విడాకులు కూడా ఆయన విషయాల్లో ఉన్నాయి. రెండుసార్లు వితంతువైన అమ్మాయి పేరున్న వేదిక మీద ఈ విషయాలు వచ్చాయి. ఆ ప్రసంగాలు 1947లో ‘రిలిజియన్ అండ్ సొసైటీ’గా లండన్‌లో అచ్చయ్యాయి. సంప్రదాయాన్ని కాపాడుతూనే విడాకులకు చోటివ్వాలని వాదించే పుస్తకం కాబట్టి, హిందూ వివాహ చట్టం (1955) ముందరి చర్చల ధోరణి తెలుసుకోవాలనుకునేవారికి ఇప్పటికీ పనికొస్తుంది.