భారతదేశంలో నెట్ న్యూట్రాలిటీ వివాదం

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ తన తీగల్లో పారే సమాచారం ఎవరిది, ఎక్కడిది అన్న తేడా చూపకుండా అన్నిటినీ ఒకే తీరుగా చేరవేయాలి, ఒకే తీరుగా ధర వేయాలి అన్న సూత్రమే నెట్ న్యూట్రాలిటీ. కరెంటు బిల్లు యూనిట్ల లెక్కన వస్తుంది. ఆ యూనిట్లు ఫ్యానుకు ఖర్చయ్యాయా, మిక్సీకా అని విద్యుత్ సంస్థ అడగదు. డేటా విషయంలోనూ అంతే ఉండాలన్నది దీని సారం. ఈ సూత్రం మీద మన దేశంలో 2014 డిసెంబరు నుంచి 2018 జులై వరకు సాగిన వాదోపవాదాల్లో టెలికాం కంపెనీలు, ఫేస్‌బుక్, పార్లమెంటు సభ్యులు, హాస్య కళాకారులు, లక్షలాది మామూలు వినియోగదారులు పాల్గొన్నారు. మొబైల్ కంపెనీల లైసెన్సు రుసుముల గురించి, ఉచిత డేటా గురించి మొదలైన గొడవ చివరికి చట్టబద్ధమైన నిబంధనగా మారింది. నెట్‌లో పుట్టిన ఆవేశాల్లో చాలా వరకు వారం తిరిగేసరికి చల్లారిపోతాయి. ఇది చల్లారకపోవడానికి కారణం, ఆవేశపడినవాళ్లు నియంత్రణ సంస్థ ప్రశ్నపత్రం చదివి, ప్రశ్న వారీగా జవాబులు రాయడమే.

పూర్వరంగం

నెట్ న్యూట్రాలిటీ అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వు. 2003లో వెలువడిన ఆయన వ్యాసం దీనికి మూలం. 2007లో అక్కడి కామ్‌కాస్ట్ సంస్థ బిట్‌టొరెంట్ ద్వారా ఫైళ్లు పంచుకునేవాళ్లకు అడ్డుపడుతోందని బయటపడ్డాక ఇది విధానపరమైన పోరుగా మారింది. దీన్ని చట్టంలో రాసుకున్న తొలి దేశం చిలీ, 2010లో.

ఆ రోజుల్లో భారతీయ వినియోగదారుకు ఇదంతా దూరపు ముచ్చట. మన దగ్గర జరుగుతున్నది వేరు. 2013 జూన్‌లో ఎయిర్‌టెల్, గూగుల్ కలిసి ‘ఫ్రీ జోన్’ పేరుతో జీమెయిల్‌నూ గూగుల్ వెతుకులాటనూ కొంత మేరకు ఉచితంగా ఇచ్చాయి. అదే ఏడాది జులైలో ఎయిర్‌సెల్ వికీపీడియాను డేటా ఖర్చు లేకుండా చూసే వీలు కల్పించింది. కొన్ని కంపెనీలు వాట్సాప్‌కు మాత్రమే పనికొచ్చే చిన్న ప్యాకులు అమ్మాయి. వీటిని జనం సంతోషంగానే వాడుకున్నారు. ఒక సైటు ఉచితమైతే మిగతా సైట్లకు నష్టమేమిటన్న ప్రశ్న అప్పటికి గట్టిగా వినబడలేదు. వికీపీడియా ఉదాహరణ నేటికీ ఇబ్బంది పెట్టేదే. లాభాపేక్ష లేని విజ్ఞాన సర్వస్వాన్ని పేద విద్యార్థికి ఉచితంగా ఇవ్వడం తప్పెలా అవుతుంది? ఈ చిక్కును తర్వాత వచ్చిన నిబంధన కూడా పూర్తిగా విప్పలేదు, మినహాయింపు ఇవ్వకుండా పక్కన పెట్టింది.

తొలి నిప్పురవ్వ

వాట్సాప్, వైబర్, స్కైప్ వచ్చాక ఎస్సెమ్మెస్‌ల ఆదాయం పడిపోయింది. తర్వాతి వంతు ఫోన్ కాల్స్‌దేనని టెలికాం కంపెనీలకు అర్థమైంది. 2014 డిసెంబరు చివరి వారంలో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ కాల్స్‌కు వాడే డేటా మామూలు ప్యాకు కిందికి రాదని ప్రకటించింది. 3జీలో ప్రతి 10 కేబీకి 4 పైసలు, 2జీలో 10 పైసలు. పైసల్లో చెబితే చిన్నదిగా కనిపిస్తుంది కానీ 2జీ రేటున ఒక ఎంబీకి సుమారు 10 రూపాయలు పడుతుంది. దాంతో వినియోగదారులు భగ్గుమన్నారు. డిసెంబరు 26న, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంపై చర్చాపత్రం తెస్తోందన్న కారణం చూపి, కంపెనీ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

ఇరవై ప్రశ్నలు, పది లక్షల ఈమెయిళ్లు

ఆ చర్చాపత్రం 2015 మార్చి 27న వచ్చింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు, భాష ఆసాంతం టెలికాం న్యాయవాదులు రాసుకునే ఇంగ్లీషు. యాప్‌లకు కూడా లైసెన్సులు పెట్టాలా, టెలికాం కంపెనీలు వేర్వేరు యాప్‌లకు వేర్వేరు ధరలు వేయవచ్చా అన్నవి అందులోని కీలకాంశాలు. పత్రాన్ని రాసిన తీరు చూస్తే, కంపెనీల ఆదాయ నష్టాన్ని ముందే ఒప్పుకుని పరిష్కారం వెతుకుతున్నట్టు ఉందని విమర్శకులు అన్నారు. చదివినవాళ్లకు ఆ విమర్శలో బలం కనిపిస్తుంది.

మీడియానామా సంపాదకుడు నిఖిల్ పాహ్వా, సాంకేతిక నిపుణుడు కిరణ్ జొన్నలగడ్డ, న్యాయవాది అపర్ గుప్తా వంటివారు మరికొందరితో కలిసి స్వచ్ఛందంగా ‘సేవ్ ది ఇంటర్నెట్’ ప్రచారం మొదలుపెట్టారు. 20 ప్రశ్నలకూ వివరమైన జవాబులు తయారుచేసి, ఎవరైనా వాటిని యథాతథంగా గానీ మార్చుకుని గానీ ట్రాయ్‌కి పంపే ఏర్పాటు చేయడం వాళ్ల అసలు ఘనత. ఏప్రిల్ 11న ఏఐబీ హాస్య బృందం విడుదల చేసిన వీడియో ఈ సంగతిని కాలేజీ కుర్రాళ్ల దాకా తీసుకెళ్లింది. అమెరికాలో 2014 జూన్‌లో జాన్ ఆలివర్ తన టీవీ కార్యక్రమంలో ఇదే విషయాన్ని ఎత్తుకుని, అక్కడి నియంత్రణ సంస్థకు అభిప్రాయాలు వెల్లువెత్తేలా చేశాడు. ఏఐబీ వీడియో కూడా ఆ బాటలోదే. అభిప్రాయాల గడువు ఏప్రిల్ 24తో ముగిసేసరికి ట్రాయ్‌కి చేరిన ఈమెయిళ్లు 10 లక్షలు దాటాయి. ఆ పంపినవాళ్ల పేర్లు, ఈమెయిల్ చిరునామాలతో సహా ట్రాయ్ అన్నిటినీ తన వెబ్‌సైటులో పెట్టేసింది. ప్రజలను మాట్లాడమని పిలిచిన సంస్థ, మాట్లాడినవారి గోప్యతను అలా వదిలేయడం క్షమించదగినది కాదు.

మార్కెట్టులోనూ దీని ప్రభావం కనిపించింది. ఏప్రిల్ 6న ఎయిర్‌టెల్ ‘ఎయిర్‌టెల్ జీరో’ను ప్రకటించింది. ఇందులో డేటా ఖర్చును యాప్ కంపెనీ భరిస్తే వినియోగదారుకు ఆ యాప్ ఉచితం. ఫ్లిప్‌కార్ట్ ఇందులో చేరబోతోందని తెలియగానే జనం ఆ యాప్‌కు ఒక్క నక్షత్రం రేటింగులు కుమ్మరించారు. ఏప్రిల్ 14న ఫ్లిప్‌కార్ట్ తప్పుకుంది. డబ్బున్న కంపెనీ వినియోగదారుల దారి ఖర్చు భరించగలదు, కొత్తగా పెట్టిన చిన్న కంపెనీ భరించలేదు. పోటీ మొదలవకముందే తేలిపోతుందన్న వాదన ఈ ఒక్క ఉదంతంతో చాలామందికి అర్థమైంది.

రాజకీయ పార్టీలూ ఊరుకోలేదు. ఏప్రిల్ 22న రాహుల్ గాంధీ లోక్‌సభలో ఈ అంశాన్ని లేవనెత్తారు. టెలికాం మంత్రి రవిశంకర్ ప్రసాద్ ఇంటర్నెట్ అందరికీ వివక్ష లేకుండా అందాలని బదులిచ్చారు. బీజేడీ ఎంపీ తథాగత సత్పతి, అప్పట్లో రాజ్యసభ సభ్యుడైన రాజీవ్ చంద్రశేఖర్ కూడా బహిరంగంగా నెట్ న్యూట్రాలిటీ పక్షాన నిలిచారు. పార్టీల గీతలు దాటి మద్దతు దొరకడం ఈ వివాదంలో అరుదైన సంగతి. అమెరికాలో ఇదే అంశం డెమొక్రాట్లు, రిపబ్లికన్ల మధ్య గోడగా నిలిచి, ప్రభుత్వం మారినప్పుడల్లా నిబంధన తలకిందులైంది.

ఫ్రీ బేసిక్స్

వివాదంలో అసలైన ఘట్టం ఫేస్‌బుక్‌ది. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి 2015 ఫిబ్రవరి 10న ‘ఇంటర్నెట్.ఆర్గ్’ను భారతదేశంలో ప్రారంభించింది. తొలి విడతలో ఎంచుకున్న సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టెలికాం లెక్కల్లో ఆ సర్కిల్ కిందే తెలంగాణ కూడా వస్తుంది. అందించిన భాషల్లో తెలుగు ఉంది. అంటే ఈ ప్రయోగం మొదట జరిగిన ప్రాంతాల్లో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. ఫేస్‌బుక్, వాతావరణం, ఉద్యోగాలు, ఆరోగ్యం, వార్తలు వంటి ముప్పైకి పైగా సేవలు డేటా ఖర్చు లేకుండా వచ్చేవి. యూట్యూబ్ లేదు, గూగుల్ వెతుకులాట లేదు. ఏప్రిల్ గొడవలో క్లియర్‌ట్రిప్, ఎన్డీటీవీ వంటివి బయటికి వచ్చేశాయి. మేలో ఫేస్‌బుక్ తన నియమాలకు లోబడే ఎవరికైనా చోటిస్తామంది, సెప్టెంబరులో ఆ యాప్‌కు ‘ఫ్రీ బేసిక్స్’ అని పేరు మార్చింది. కానీ ఏ సేవ చేరాలో తేల్చేది ఫేస్‌బుక్కే, సమాచారం నడిచేది ఫేస్‌బుక్ సర్వర్ల మీదుగానే.

ఈ పథకాన్ని సమర్థించినవారి వాదన తేలికగా తోసిపుచ్చేది కాదు. అసలు ఇంటర్నెట్టే లేని మనిషికి కొంతైనా దొరికితే మేలు కాదా? ఒక జీబీ డేటాకు రెండు వందల రూపాయలకు పైగా పెట్టాల్సిన కాలమది. కూలి డబ్బుతో బతికే కుటుంబానికి అది భారం. నెట్ న్యూట్రాలిటీ కోసం గొంతెత్తినవారిలో అత్యధికులు అప్పటికే కనెక్షన్ ఉన్న పట్టణవాసులు. చర్చ దాదాపుగా ఇంగ్లీషులోనే సాగింది. ఎవరి పేరు చెప్పి రెండు పక్షాలూ వాదించాయో, ఆ కనెక్షన్ లేని జనం గొంతు ఎక్కడా సరిగా వినబడలేదు. ఉద్యమ చరిత్ర రాసేవారు ఈ లోటును దాటవేయకూడదు.

దీనికి వ్యతిరేకుల సమాధానం కూడా బలమైనదే. తొలిసారి నెట్‌లోకి వచ్చే పల్లె మనిషికి ఒక విదేశీ కంపెనీ ఏరిపెట్టిన మూలనే ఇంటర్నెట్ అని చూపిస్తే, అతని ఊరి భాషలో సైటు పెట్టుకునే చిన్నవాడు ఆ మనిషిని ఎప్పటికీ చేరలేడు. పేదలకు సాయం చేయాలంటే డేటానే ఇవ్వాలి, ఆ డేటాతో ఏం చూడాలో వాళ్లే తేల్చుకోవాలి.

2015 డిసెంబరు 9న ట్రాయ్, డేటాకు భిన్న ధరలపై మరో చర్చాపత్రం తెచ్చింది. ఈసారి ప్రశ్నలు నాలుగే. అప్పటికి ఛైర్మన్ ఆర్.ఎస్. శర్మ. ఫేస్‌బుక్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చింది; తన వినియోగదారుల తెరపై ఒక్క నొక్కుతో ట్రాయ్‌కి మద్దతు లేఖ వెళ్లే బొత్తం పెట్టింది. డిసెంబరు చివర్లో మార్క్ జుకర్‌బర్గ్ స్వయంగా టైమ్స్ ఆఫ్ ఇండియాలో వ్యాసం రాశారు. మొత్తం సుమారు 24 లక్షల స్పందనలు రాగా, దాదాపు 19 లక్షలు ఇలా ఒకే మూసలో ఫ్రీ బేసిక్స్‌ను బలపరిచేవే. లెక్క పెట్టి తీర్పు చెప్పేదైతే ఫేస్‌బుక్ గెలిచినట్టే. కానీ ట్రాయ్ అడిగిన నాలుగు ప్రశ్నల్లో దేనికీ ఆ లేఖల్లో జవాబు లేదు. సంప్రదింపుల ప్రక్రియను తలల లెక్కింపుగా మార్చవద్దని ట్రాయ్ ఆ కంపెనీకి ఘాటుగా లేఖ రాసింది. సేవ్ ది ఇంటర్నెట్ ఈమెయిళ్లూ మూస లేఖలేగా అని ఫేస్‌బుక్ పక్షం అడగవచ్చు. నిజమే, అయితే వాటిలో అడిగినదానికి జవాబుంది. తేడా అక్కడే ఉంది.

2016 ఫిబ్రవరి 8న నిబంధన వెలువడింది. ఏ సంస్థా డేటా సేవలకు కంటెంట్‌ను బట్టి వేర్వేరు ధరలు వేయకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. అత్యవసర సమయాల్లో ఇచ్చే రాయితీకి, బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేని అంతర్గత నెట్‌వర్కులకు మినహాయింపు ఉంది. మూడు రోజులకు ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను భారతదేశంలో మూసేసింది. ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో ఉన్న మార్క్ ఆండ్రీసన్, వలస పాలనను వ్యతిరేకించడం వల్లే భారతదేశం ఆర్థికంగా నష్టపోయిందన్న అర్థంలో ట్వీట్ చేసి, నిరసన రేగడంతో తొలగించి క్షమాపణ చెప్పాడు. ఆ మాటలతో తనకు సంబంధం లేదని జుకర్‌బర్గ్ చెప్పాల్సి వచ్చింది.

రుసుములు, పన్నులు

టెలికాం కంపెనీల ఫిర్యాదుకు మూలం డబ్బు. తాము స్పెక్ట్రమ్‌ను వేలంలో వేల కోట్లకు కొంటున్నామని, సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 8 శాతం లైసెన్సు రుసుము కడుతున్నామని, అదే కాల్ సేవ ఇచ్చే యాప్‌లకు ఆ భారమేదీ లేదని వాటి వాదన. ఆ 8 శాతంలో 5 శాతం గ్రామీణ సేవల కోసం పెట్టిన సార్వత్రిక సేవా నిధికి వెళ్లేది. ఫ్రీ బేసిక్స్‌కు అసలైన ప్రత్యామ్నాయం ఇక్కడే ఉంది. 2016 డిసెంబరు 19న ట్రాయ్, గ్రామీణ వినియోగదారులకు నెలకు 100 ఎంబీ వరకు డేటాను ఈ నిధి ఖర్చుతో ఉచితంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఏ సైటు చూడాలన్న షరతు అందులో లేదు.

ఇక విదేశీ ఆన్‌లైన్ కంపెనీల ప్రకటనల ఆదాయంపై కేంద్రం 2016 జూన్ 1 నుంచి 6 శాతం సమీకరణ సుంకం వేసింది. జనం దాన్ని ‘గూగుల్ పన్ను’ అన్నారు. ఇది నెట్ న్యూట్రాలిటీకి నేరుగా చెందినది కాదు గానీ, పెద్ద టెక్ కంపెనీలు భారతీయుల దగ్గర సంపాదించి ఇక్కడేమీ చెల్లించడం లేదన్న అసంతృప్తి రెంటికీ ఒకటే. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ సుంకం రద్దయింది.

వేగాల నిబంధన, ఆ తర్వాత

2016 నిబంధన ధరలకే పరిమితం. కొన్ని సైట్లను ఆపడం, నెమ్మదింపజేయడం, డబ్బు తీసుకుని కొన్నిటిని ముందు పంపడం మిగిలిపోయాయి. వీటినీ నిషేధించాలని ట్రాయ్ 2017 నవంబరు 28న సిఫార్సు చేసింది. సరిగ్గా ఆ వారాల్లోనే అమెరికా వెనక్కి నడిచింది: 2015లో తెచ్చుకున్న నిబంధనలను అక్కడి నియంత్రణ సంస్థ డిసెంబరు 14న రద్దు చేసింది. భారత టెలికాం కమిషన్ 2018 జులై 11న సిఫార్సులను ఆమోదించింది. లైసెన్సు షరతుల్లో మార్పు ఆ ఏడాదే వచ్చింది. దూరం నుంచి చేసే శస్త్రచికిత్స వంటి కీలక సేవలకు మినహాయింపు పెట్టారు. అమెరికాలో 2024లో నిబంధనలు తిరిగొచ్చినా 2025 జనవరి 2న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వాటిని కొట్టేసింది.

ఈలోగా 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో, డేటా ధరను అమాంతం కూల్చింది. ఒక సైటుకు ఉచిత ప్యాకులు ఇవ్వాల్సిన వ్యాపార అవసరమే పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల ప్రాథమిక ప్యాకేజీలో ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇవ్వడం మొదలుపెట్టింది. పేదలకు ఇంటర్నెట్ అందాలంటే సైట్ల మధ్య వివక్ష తప్పదన్న వాదన ఆ రెండేళ్లలో నిలవలేదు.

ఈ నిబంధనలు కంపెనీలకే వర్తిస్తాయి. జిల్లాలకు జిల్లాలు ప్రభుత్వం ఇంటర్నెట్‌ను ఆపేస్తే అది వేరుగా చేసిన నియమాల కిందికి వస్తుంది. నెట్ న్యూట్రాలిటీ ఉద్యమం ఆ అధికారాన్ని తాకలేకపోయింది. ఆ ఉద్యమంలో పనిచేసిన కొందరు 2016లో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్‌ను స్థాపించి షట్‌డౌన్లపై కోర్టులకు వెళ్లారు.

యాప్‌ల నియంత్రణపై 2020 సెప్టెంబరు 14న ట్రాయ్, ప్రస్తుతానికి జోక్యం అక్కర్లేదని తేల్చింది. 2023 జులైలో అదే విషయంపై మళ్లీ చర్చాపత్రం తెచ్చింది. టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ, అత్యధిక డేటాను పంపే పెద్ద యాప్‌లు నెట్‌వర్కుల ఖర్చులో ‘న్యాయమైన వాటా’ కట్టాలని కోరుతోంది. ఇంటర్నెట్ కంపెనీలు దీన్ని వ్యతిరేకిస్తున్నాయి. డేటాకు వినియోగదారు ఇప్పటికే డబ్బు కట్టాడని, యాప్ దగ్గర మళ్లీ వసూలు చేస్తే 2014 డిసెంబరు నాటి రుసుమే వేరే పేరుతో వచ్చినట్టవుతుందని వాటి అభ్యంతరం.