వాటాదారుల ఓటు: సగం, ముప్పావు, తలకొకటి

కంపెనీ సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం నెగ్గడానికి కావాల్సిన ఓట్ల బలాన్ని వాటాదారుల మెజారిటీ అంటారు. మన దేశంలో ఈ లెక్కలు 2013 కంపెనీల చట్టం ప్రకారం నడుస్తాయి. పంచాయతీ ఎన్నికల్లోలాగా మనిషికో ఓటు కాదు, మామూలుగా వాటాకో ఓటు.

మార్కాపురంలో పలకలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. మొత్తం వాటాలు వెయ్యి. ఒకాయన దగ్గర 510, మిగతా ఐదుగురి దగ్గర కలిపి 490. చేతులెత్తి ఓటేస్తే ఐదుగురిదే గెలుపు, ఎందుకంటే చేతుల లెక్కలో తలకు ఒక్క ఓటే. పెద్ద వాటాదారు లేచి పోల్ అడిగాడంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు వాటాలే ఓట్లు, 510కి 490. కంపెనీ నియమావళి వేరేగా చెప్పకపోతే, పదోవంతు ఓటు బలం ఉన్నవారెవరైనా పోల్ అడగవచ్చు.

సాధారణ తీర్మానానికి అనుకూలంగా ఒక్క ఓటు ఎక్కువ పడినా చాలు. లెక్కల ఆమోదం, డివిడెండు, డైరెక్టర్ల నియామకం ఇలాగే తేలతాయి. గడువు తీరకముందే డైరెక్టరును దించడానికి కూడా, ముందుగా ప్రత్యేక నోటీసు ఇస్తే, ఇదే మెజారిటీ సరిపోతుంది. నియమావళిని మార్చాలన్నా, రిజిస్టర్డు ఆఫీసును మరో రాష్ట్రానికి తరలించాలన్నా ప్రత్యేక తీర్మానం కావాలి. అందులో అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడింతలకు తగ్గకూడదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ ముప్పావు మొత్తం వాటాల్లో కాదు, పోలైన ఓట్లలో. వెయ్యి వాటాల్లో 400 ఓట్లే పడితే, 300 అనుకూలం, 100 వ్యతిరేకంగా ఉన్న తీర్మానం నెగ్గుతుంది. 299కి 101 అయితే వీగిపోతుంది. ఇంట్లో కూర్చున్నవారి వాటాలు ఏ పక్షానికీ జమ కావు. అందుకే పోలైన ఓట్లలో పావుకు మించి చేతిలో ఉన్నవారు కంపెనీని నడపలేకపోయినా పెద్ద మార్పులను అడ్డుకోగలరు. మన పలకల కంపెనీలో 510 వాటాలాయన డైరెక్టర్లను తనకు నచ్చినట్టు పెట్టుకోగలడు. మిగతా ఐదుగురూ వచ్చి ఎదురు తిరిగితే మాత్రం నియమావళిలో ఒక్క అక్షరం కూడా మార్చలేడు.

వాటాదారులను అడగకుండానే పని కానిస్తే ఏమవుతుందో తెలుగువారికి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ చూపించింది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ప్రమోటర్ల కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కొనాలని నిర్ణయించింది. ధర 160 కోట్ల డాలర్లు. సత్యంలో ప్రమోటర్ల వాటా పదోవంతు కూడా లేదు, అయినా ప్రతిపాదన వాటాదారుల ఓటుకు రాలేదు. న్యూయార్క్ మార్కెట్లో సత్యం వాటా ధర సగానికి పైగా పడిపోయింది. ఒక్క రోజులోనే బోర్డు వెనక్కి తగ్గింది. ఓటు అడగలేదు కాబట్టి మదుపరులు అమ్మకంతోనే ఓటేశారు. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖతో లెక్కల మోసం బయటపడింది.

తర్వాత వచ్చిన 2013 చట్టం 188వ సెక్షన్ ప్రకారం, పరిమితి దాటిన సంబంధిత పక్షాల లావాదేవీకి, అంటే డైరెక్టర్లు, వారి బంధువుల వంటివారితో కంపెనీ జరిపే లావాదేవీకి, సభ్యుల తీర్మానం తప్పనిసరి. ఆ లావాదేవీలో సంబంధిత పక్షమైన సభ్యుడు దానిపై ఓటేయకూడదు. మెజారిటీ పేరుతో అణచివేత జరిగిందనుకుంటే, పదోవంతు వాటా మూలధనం ఉన్న సభ్యులు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు అది అమరావతి బెంచి.

గిద్దలూరు, కంభం వైపు కంది, మిర్చి రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుంటే ఈ లెక్క చాలావరకు మారిపోతుంది. సభ్యులంతా వ్యక్తులే అయితే, పది వాటాలున్నా వంద ఉన్నా తలకొక్క ఓటే. 2002 సవరణతో వచ్చిన ఈ తరహా కంపెనీల నిబంధనలు ఇప్పుడు 2013 చట్టంలోనే ఒక అధ్యాయం. కోరం, అంటే సమావేశానికి ఉండాల్సిన కనీస హాజరు, మాత్రం గట్టిది. వెయ్యిమంది లోపు సభ్యులున్న మామూలు పబ్లిక్ కంపెనీలో ఐదుగురు హాజరైతే సమావేశం నడుస్తుంది. ఐదువందల మంది రైతులున్న ఉత్పత్తిదారుల కంపెనీలో పావు వంతు, అంటే 125 మంది రావాలి. ఆ కంపెనీ వార్షిక సమావేశం కూడా రిజిస్టర్డు ఆఫీసులోనో, అది ఉన్న ఊళ్లోనో పెట్టాలి. ఆఫీసు గిద్దలూరులో ఉంటే సమావేశాన్ని ఒంగోలు హోటల్లో పెట్టడం కుదరదు.