రాట్నం దగ్గర దొరికే ఊరట

"చరఖా" అనగానే మనలో చాలామందికి గాంధీజీ జ్ఞాపకం వస్తారు. అది సహజమే. కానీ ఆ మాట ఫారసీ నుండి ఉర్దూలోకి వచ్చినది. "చర్ఖ్" అనగా చక్రం. ఉర్దూ కవులు ఆకాశాన్ని కూడా "చర్ఖ్" అంటారు, అది తిరుగుతూ ఉంటుందని. 1350 ప్రాంతంలో దక్కనులో ఇసామీ అనే కవి వ్రాసిన "ఫుతూహుస్సలాతీన్" అనే ఫారసీ చరిత్ర కావ్యంలో చరఖా మాట కనబడుతుంది. రజియా సుల్తానా గురించి చెబుతూ, ఆడవారికి సింహాసనం కన్న చరఖాయే తగినదని ఆయన అన్నాడు. ఆ అభిప్రాయంతో మనకు పనిలేదు గాని, ఆనాటికే చరఖా ఆడవారి చేతి పనిముట్టు అయినదని దీనివల్ల తెలుస్తున్నది.

తరువాతి కాలంలో బీజాపూరు వైపు సూఫీ సంప్రదాయంలో దక్కనీ భాషలో "చరఖానామా"లు పుట్టినవి. తిరగలి విసిరేటప్పుడు పాడేవి "చక్కీనామా"లు, నూలు వడికేటప్పుడు పాడేవి "చరఖానామా"లు. చదువురాని ఆడవారికి అల్లా పేరు, ప్రవక్త మాట, పీరు బోధ ఈ పాటల ద్వారానే చేరినవి. చక్రం తిరిగే చప్పుడునే జిక్ర్‌గా భావించమని వాటి తాత్పర్యం. చేతికి పని, నోటికి పాట, మనసుకు నిలకడ, మూడూ ఒక్కచోటే దొరికినవన్నమాట.

ఇంత దూరం పోనక్కరలేదు, మన పక్కనే పొందూరు ఉంది. 2022లో జిల్లాలు మారి మన రాజాం విజయనగరం జిల్లాలో చేరింది, పొందూరు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయింది. అయినా రాకపోకలు ఎప్పటివలెనే ఉన్నవి. అక్కడ పట్టుశాలి కుటుంబాల ఆడవారు తరతరాలుగా సన్ననూలు వడుకుతున్నారు. కొండపత్తి, పునాస పత్తి వారికి ముడిసరుకు. గింజతో ఉన్న పత్తిని మొదట వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకుండే సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి, చెత్త తీసి పోగులను వరుసలో పెడతాయి. తరువాత చెక్క పలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న వింటితో దూది ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకొని వడుకుతారు.

అక్కడ 100 కౌంటు నూలు వడకడం ప్రసిద్ధి. 100 కౌంటు అంటే ఎంతో మా బడిపిల్లలచేత ఒకసారి లెక్క కట్టించాను. ఒక చిలప 840 గజాలు. ఒక పౌను నూలులో అలాంటివి నూరు చిలపలు, అనగా 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు! అరకిలోకు కాస్త తక్కువ దూదిలోంచి ఒక ఆడమనిషి వేళ్లు అంత దారం తీస్తాయి.

ఇంత ఓపిక ఒంటరిగా కూర్చుంటే వచ్చేది కాదు. ఇంటిపని ముగిశాక నలుగురూ ఒక అరుగు మీద చేరితే చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, నోరు కష్టసుఖాలు చెప్పుకుంటుంది. దుఃఖంలో ఉన్న మనిషిని "ఏమైందమ్మా" అని నిలదీయనక్కరలేదు, పక్కన కూర్చుని వడికితే చాలు. దిక్కులేని వితంతువుకు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది కూడా పూర్వం నూలు వల్లనే.

ఈ పనిలో మనవారి చెయ్యీ ఉన్నది. ఆంధ్రదేశంలో దూదేకుల సోదరులకు ఆ పేరే దూది ఏకడం వల్ల వచ్చింది. వారి విల్లు మోగనిదే ఎన్నో ఊళ్లలో ఏకు లేదు, ఏకు లేనిదే నూలు లేదు.

స్వాతంత్ర్యోద్యమంలో ఈ నూలే హిందూ ముస్లిములను కలిపింది. ఖిలాఫత్ రోజుల్లో అలీ సోదరుల తల్లి బీ అమ్మ ముసలితనంలో ఊరూరా తిరిగి ఖద్దరు కట్టమన్నారు. 1921 సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసు పోతున్న మౌలానా మహమ్మదలీని మన వాల్తేరు స్టేషనులోనే అరెస్టు చేశారు. జైలు నుండి వచ్చిన ఆ మౌలానాయే 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. అఖిల భారత ఖద్దరు బోర్డు ఏర్పడినది ఆ కాకినాడలోనే. 1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వెలిసింది.

అయితే ఒక్కమాట చెప్పకపోతే నా వ్యాసం సగమే అవుతుంది. రాట్నం ఊరట ఇస్తుందని మనం పొగుడుతూ కూర్చుంటే వడికే ఆమె కడుపు నిండదు. ఈ సంగతి గాంధీజీకి తెలుసు. వడికేవారికి ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలైనా దక్కాలని 1935లో ఆయన పట్టుబట్టారు. ఖద్దరు ధర పెరిగి అమ్మకం పడిపోతుందని కొందరు కార్యకర్తలు భయపడ్డా ఆయన వినలేదు. నేడు కూడా సమస్య అదే. పంచె ఖరీదు చూసి మనం బేరమాడతాం గాని, అందులో వడికిన చేతికి ఎంత ముట్టిందని అడగం. కూలి చాలకపోతే కూతురు తల్లి పక్కన ఎందుకు కూర్చుంటుంది? కూతురు కూర్చోకపోతే ఆ అరుగూ, ఆ కబుర్లూ తల్లితోనే పోతాయి.

కనుక సభ్యులకు నా మనవి రెండే. ఈ ఏడు మన పిల్లలను ఒకరోజు పొందూరు తీసుకుపోయి, వడికే అమ్మలకు సలాము చెప్పించి, వారి పని దగ్గర కూర్చోబెట్టి చూపిద్దాం. పండుగకు ఇంటికొక ఖాదీ బట్ట, బేరమాడకుండా కొందాం.